స్కానరు లైను మీద లిఫ్టు

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి కరెంటమ్మ అంటారు. అక్కడి కరెంటు పనులన్నీ చూసే ఇంజనీరు. ఇంట్లో గీజరు వేసి ఉండగా ఇస్త్రీపెట్టె పెడితే కట్టుకున్న మొగుడికైనా చీవాట్లు తప్పవు. అలాంటి మనిషి వేయించిన లైను మీద చెయ్యి వేశారు మహానుభావులు.

కొత్త స్కానింగు గదికి ఆవిడ ట్రాన్స్‌ఫార్మరు నుంచి విడిగా లావుపాటి కేబుల్ లాగించింది. ఎందుకంటే స్కానరు వరసే వేరు. చాలాసేపు కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. ఫోటో తీసే క్షణంలో మాత్రం బోలెడు కరెంటు ఒక్క గుక్కలో లాగేస్తుంది. అప్పుడు వోల్టేజీ కాస్త పడిపోయిందా, పని సగంలో ఆగిపోతుంది. ప్యానెల్ తలుపు మీద ఎర్ర రంగుతో "ఇది స్కానరుకే" అని రాయించింది కూడా. రాస్తే సరా, చదివేవాళ్లుండొద్దూ?

అత్తగారి కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టి, ఆ ఉదయమే మళ్లీ పనిలోకి వచ్చింది. స్కానింగు టెక్నీషియన్ ఎదురొచ్చింది.

"అక్కా, జారిపడి తలకి దెబ్బ తగిలిన పెద్దావిడ లోపలుంది. రెండుసార్లు సగంలో ఆగిపోయింది. మళ్లీ తీయాలంటే నాకు చేతులాడట్లేదు. ఊరికే మళ్లీ మళ్లీ ఎక్స్‌రే కిరణాలు తగిలించడమేగా ఆవిడకి."

తలకి కట్టుతో బల్ల మీద పడుకున్న పెద్దావిడ తనే అడిగింది. "నేను కదిలానా తల్లీ? బిగుసుకునే ఉన్నానే."

కరెంటమ్మకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి ప్యానెల్ తెరిస్తే ఎవరో కలిపిన కొత్త తీగ కనిపించింది. దాని వెంటే వెళితే ఆసుపత్రి చైర్మన్‌గారి కోసం పెట్టిన లిఫ్టు దగ్గర తేలింది. అది కదిలినప్పుడల్లా ఇక్కడ స్కానరు ఆగుతోందన్నమాట.

"ఆ లైను ఖాళీగానే ఉంటుంది కదండీ," అన్నాడు లిఫ్టు దగ్గరే ఉన్న బిల్డింగు సూపర్‌వైజరు. "మీటరు చూసే కలిపాం. ముల్లు కదలనే లేదు."

"నిద్రపోయేటప్పుడు మీ నోరూ ఖాళీగానే ఉంటుంది. అలాగని మీ కంచం ఇంకొకరికి ఇచ్చేస్తామా?"

"చైర్మన్‌గారు వచ్చే టైమండీ. ఆయన మెట్లెక్కాలా?"

"కాళ్లున్నాయిగా."

లిఫ్టు కిందికొచ్చి ఖాళీ అయ్యేదాకా ఆగింది. స్విచ్ కట్టేసి, తాళం పెట్టి, ఆ తీగలు తన చేత్తోనే ఊడదీసింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. తప్పు ఎవరిదో, బల్ల మీద బిక్కచచ్చి పడుకున్నది ఎవరో తలుచుకుంటే ఆవిడకి మంట తగ్గలేదు.

ఈసారి ఫోటో పూర్తిగా వచ్చింది. టెక్నీషియన్ ఊపిరి పీల్చుకునేలోపే చైర్మన్‌గారు రొప్పుతూ వచ్చారు. "లిఫ్టు ఎవరు ఆపారు?"

"నేనేనండి. ఒక్కసారి లోపలికి రండి."

కోటు చూసి ఆయన పెద్ద డాక్టరనుకుంది పెద్దావిడ. లేవబోయి, భయంగా చేతులు జోడించింది. "ఈసారి నేను కదల్లేదు కదా బాబూ?"

ఆయన కరెంటమ్మ వైపు చూశారు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చెప్పండి సార్," అంది. "కదిలింది ఆవిడో, మీ లిఫ్టో."