బుడుంగు గట్టెక్కాడు, నేను మునిగాను

గోదావరికి వరదొస్తే ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక, మూడో హెచ్చరిక అని వరసగా చెబుతారు. జనం మూటాముల్లె సర్దుకుంటారు. నా నోటికి వరదొస్తే మాత్రం ఏ హెచ్చరికా ఉండదు. నేరుగా ముంపే. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు పాతదే. రాజమండ్రిలో ఒక సినిమా హాలు మొత్తానికి ఎలా తెలిసిందో ఇప్పుడు చెబుతాను. చేపల పులుసు పొయ్యి మీద ఉన్నవాళ్ళు మంట తగ్గించి మరీ చదవండి, మధ్యలో లేవడం కుదరదు.

ఇది నా చిన్నతనంలో జరిగింది. అంటే మూడేళ్ళ క్రితం. నవ్వకండి. అప్పటికి నాకు నలభై ఆరే. మగవాడికి బుద్ధి వచ్చేది సరిగ్గా నలభై తొమ్మిదో ఏట అని, ఈమధ్యే ఆ ఏడు దాటినవాడిగా ఘంటాపథంగా చెప్పగలను.

మా అమ్మాయి లహరికి అప్పుడు ఎనిమిదేళ్ళు. దానికి ఒక కార్టూన్ సినిమా అంటే ప్రాణం. బుడుంగు అనే బుల్లి చేప సముద్రం నుంచి ఏటికి ఎదురీది, ఎక్కడో కొండల్లో మడుగులో ఉన్న వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి చేరుకోవడమే కథ. బుడుంగు ఆకాశనీలం రంగులో ఉంటాడు. కనురెప్పలుంటాయి. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. వాణ్ణి దారిపొడవునా తరిమే విలన్ ఒక మీసాల వాలుగ చేప. ఆ సినిమా మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందంటే, మా గోడ మీది బల్లి కూడా ఇంటర్వెల్‌కి లేచి వెళ్ళి వచ్చేది.

ఆ ఏడాది వాన నెలల్లో ఆ సినిమాని మళ్ళీ తీశారు. ఈసారి బొమ్మలు కావు. నిజం ఏరు, నిజం మనుషులు, నిజం చేపల్ని తలదన్నేలా కంప్యూటర్‌లో చేసిన చేపలు. ఆ సినిమా లహరి పుట్టినరోజు నాడు మా ఊళ్ళో ఆడుతోంది. గౌనొద్దు, సైకిలొద్దు, ఏడుగురు స్నేహితుల్ని తీసుకెళ్ళి ఆ సినిమా చూపిస్తే చాలంది.

ఆ ఏడుగురిలో హంసిని అని ఒకతె. వయసు ఎనిమిది, మాట ఎనభై. "రీమేకంటే పొద్దున్న ఉప్మా సాయంత్రం వేడి చేసి పెట్టడమే. మా అన్నయ్య చెప్పాడు," అంది.

"చూశాక చెప్పు. నువ్వు ఏడవకపోతే నా కలర్ పెన్సిళ్ళ డబ్బా నీకిచ్చేస్తా," అంది లహరి. నలభై ఎనిమిది రంగుల డబ్బా అది. నన్ను కూడా ముట్టుకోనివ్వదు. అంటే మా అమ్మాయి పరువు మొత్తం బుడుంగు తోక మీద ఆధారపడి ఉందన్నమాట.

అదే రోజు పొద్దున్న మా మావయ్యగారు దిగారు. ధవళేశ్వరం లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గేట్లు ఎత్తినప్పుడు పడే నీళ్ళ చప్పుడు మీదుగా నలభై ఏళ్ళు అరిచి అరిచి ఆయన గొంతు పెద్దదైంది, చెవి చిన్నదైంది. బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, యానాం నుంచి పులస చేపను తెచ్చారు. మనవరాలికి పుట్టినరోజు కానుక! మా లహరి పులస పులుసుంటే కేకు వంక చూడదు మరి.

పుస్తెలమ్మైనా పులస తినాలని మావైపు సామెత. మా ఆవిడ పద్మ పుస్తెలు ఇంకా మెడలోనే ఉన్నాయంటే అది యానాం రేవులో మావయ్యగారికున్న స్నేహాల చలవ. "మీరు సినిమా నుంచి వచ్చేసరికి పులుసు సిద్ధం. దాని పుట్టినరోజు కదా, చెప్పకండి, ఆశ్చర్యపోతుంది," అంది పద్మ.

సముద్రం నుంచి వచ్చి, వరద నీటికి ఎదురీదే చేప. ఈ మాట వింటే మీకు బుడుంగు గుర్తొచ్చాడా, పులస గుర్తొచ్చిందా? రెండూ గుర్తొచ్చాయి కదూ! నాకు రాలేదు. వచ్చి ఉంటే మావయ్యగారిని ఇంట్లో వదిలి, నా నోటికి ప్లాస్టర్ వేయించుకుని బయల్దేరేవాణ్ణి.

మ్యాట్నీకి వెళ్ళాం. ఎనిమిది మంది పిల్లలు ముందు వరసలో, వాళ్ళ వెనక నేనూ, మావయ్యగారూ. తెర మీద బుడుంగు కనపడగానే పిల్లల్లో నిశ్శబ్దం. అది ఆనందం కాదు, పెళ్ళిచూపుల్లో ఫొటోకి మనిషికి పోలిక కుదరనప్పటి నిశ్శబ్దం.

"నీలంగా లేడేంటి?"

"కనురెప్పలేవే?"

"లహరీ, వీడు నవ్వట్లేదు. సొట్ట పడట్లేదు," అంది హంసిని, పెన్సిళ్ళ డబ్బా అప్పుడే చంకన పెట్టుకున్నంత ధీమాగా.

"నోరు నవ్వకపోతే ఏంటి? తోక చూడు, తోక నవ్వుతోంది," అంది లహరి.

ఆ మాటకి నేను కూడా తోక వంక చూశాను. నిజమే, నవ్వుతోంది. పాపం పిల్ల ఊరికే కూర్చోలేదు. ప్రతి సీనుకీ పక్కవాళ్ళకి అర్థం చెబుతూ, గొంతు మారలేదు విను, పాట మారలేదు విను అంటూ ఒక్కొక్కళ్ళనీ బుడుంగు వైపు లాగింది. ఇంటర్వెల్ అయ్యాక పిల్లలందరూ వాడి వెంటే ఈదుతున్నారు. హంసిని ఒకసారి ముక్కు కూడా ఎగబీల్చింది.

కష్టం ఎక్కడొచ్చిందంటే, తోక చూసినవాణ్ణి అక్కడితో ఆగలేదు. కళ్ళు మెల్లగా పొట్ట మీదికి పాకాయి. నల్లని వెన్ను, వెండి పొలుసులు, నిండైన పొట్ట. ఆకాశనీలం చేపని నాలుగు వందలసార్లు చూసినా నాకెప్పుడూ ఆకలి వెయ్యలేదు. దీన్ని చూస్తుంటే నా నాలుక దానంతటదే చింతపండు నానబెట్టేసింది.

క్లైమాక్స్ వచ్చింది. దారికి అడ్డంగా ఒక పెద్ద ఆనకట్ట.

"గేట్లు ఎత్తకుండా ఎలా ఎక్కుద్దండీ?" అని మావయ్యగారు సర్వీసు కొద్దీ అభ్యంతరం చెప్పారు.

బుడుంగు శక్తినంతా కూడదీసుకుని ఎగిరాడు. ఆనకట్ట అంచుకి కొట్టుకుని, నీళ్ళకి జానెడు దూరంలో రాతి మీద పడ్డాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. పాట ఆగిపోయింది. తెర నిండా వాడొక్కడే. ముందు వరసలో ఎనిమిది జతల భుజాలు వణుకుతున్నాయి. హంసిని వెక్కుతోంది. మా లహరి గెలిచేసింది!

సరిగ్గా అప్పుడు నేను మావయ్యగారి చెవిలో గుసగుసగా, "జన ఉందంటారా?" అన్నాను.

జన అంటే చేప కడుపులో గుడ్ల తిత్తి. పులసలో అది దొరికితే ఇల్లంతా పండగ. ఇక నా గుసగుస సంగతి. నేను ధవళేశ్వరంలో గుసగుసలాడితే పోలవరంలో పనివాళ్ళు ఎవరు పిలిచారని వెనక్కి తిరుగుతారు. అయినా మావయ్యగారికి సగమే వినపడింది. ఆ సగానికే ఆయన హాలు దద్దరిల్లేలా జవాబిచ్చారు.

"పొట్ట చూస్తే తెలియట్లేదా అల్లుడుగారూ! రెండు వైపులా జనే!"

వెంటనే వెనక నుంచి ఒకావిడ గొంతు. "జనుంటే పులుసులో వెయ్యకండి బాబూ, విడిగా వేపుకోవాలి."

"వేపితే ఏముందమ్మా, పులుసులో ఉడికితేనే రుచి," అన్నారు ఎడమవైపు నుంచి ఒకాయన.

"బెండకాయలు వేస్తారా అండి మీరు?"

"వెయ్యకుండా ఎలాగండీ? పైన ఆవకాయ మీద తేరిన నూనె."

"ఆయ్, కట్టెల పొయ్యి మీదే చెయ్యాలండి. గ్యాసు మీద పులస వండితే పాపం."

"తూర్పోళ్ళకి చింతపండు చెయ్యి ఎక్కువండి. మా నరసాపురం వచ్చి తినండి, తెలుద్ది!"

"అబ్బో! నరసాపురంలో వండితే నరమానవుడు తింటాడా?"

తూర్పూ పడమరా తేల్చుకునేలోపు తెర మీద ఒక అల వచ్చింది. బుడుంగు తోక విదిలించాడు, గాల్లోకి లేచాడు, అవతల మడుగులో బుడుంగుమని పడ్డాడు. అమ్మమ్మ ఎదురొచ్చింది. పిల్లలు లేచి చప్పట్లు కొట్టబోయారు.

హాల్లో ఉన్న పెద్దలందరం ఒకే గొంతుతో, "అయ్యో! పోయింది!" అన్నాం.

ప్రపంచంలో ఇంకెక్కడైనా ఆ సీనుకి జనం ఆనందబాష్పాలు రాల్చి ఉంటారు. చేతికందిన చేప జారిపోయిందని ఏడ్చిన హాలు మాదొక్కటే. ఆ "అయ్యో"ల్లో అన్నిటికన్నా పొడుగైంది నాది. చివర్లో "చ్చొచ్చొ" కూడా ఉంది.

లహరి వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "నాన్నా, నువ్వు ఏ పార్టీ? బుడుంగు పార్టీయా, పులుసు పార్టీయా?"

నా జీవితంలో అంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. హంసిని కళ్ళు తుడుచుకుని, "ఏడుపొచ్చింది గానీ మీ నాన్న వల్ల మధ్యలో ఆగిపోయింది. సగం డబ్బా ఇవ్వు," అంది. ఆడిన మాట తప్పని మా పిల్ల తలూపింది. నాతో మాత్రం పలకడం మానేసింది.

బయటికొస్తే గుమ్మంలో మైకు. పబ్లిక్ టాక్ తీసే అమ్మాయి. "సార్, కార్టూన్ చూసినవాళ్ళకి ఇది నచ్చుతుందా సార్?"

కూతురు వింటోంది. పోయిన పరువు తిరిగి తెచ్చుకునే అవకాశం! గొంతు సవరించుకున్నాను. "చాలా సహజంగా ఉందండి. చివర్లో అయితే నీళ్ళు ఆగలేదు."

"కళ్ళల్లోనా సార్?"

వెనక నుంచి మావయ్యగారు, "నోట్లోనమ్మా!" అన్నారు.

ఆటో ఎక్కేలోపు ఆ వీడియో ఊరు చుట్టేసింది. గోదావరి ప్రవాహ వేగం గొప్పదంటారు గానీ, మా వదినగారి వాట్సాప్ ముందు అది నిలవనీరు. రెండు ఆటోల్లో ఇంటికి చేరాం. నా ఆటోలో నేనూ, మావయ్యగారూ, నలుగురు అబ్బాయిలూ. లహరి రెండోదాంట్లో ఎక్కింది.

గేటు దగ్గరే పులుసు వాసన ఎదురొచ్చి కావలించుకుంది. ఇంకో రోజైతే దండం పెట్టేవాణ్ణి. ఆ రోజు ముక్కు మూసుకున్నాను. పిల్లలు గుమ్మంలో ఆగిపోయారు.

"అమ్మా," అంది లహరి చిన్న గొంతుతో. "ఇంట్లో బుడుంగు ఉన్నాడా?"

ఎనిమిది మొహాలు. మంట మీద మట్టిదాక. నేను నోరు తెరిచాను. పద్మ నా వంక ఒక చూపు చూసింది. నోరు దానంతటదే మూసుకుంది.

"బుడుంగేంటే?" అంది పద్మ తాపీగా గరిటె కడుగుతూ. "వాడు అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడుగా. వాణ్ణి తరిమిన వాలుగ లేదూ? అది దొరికింది."

"ఆ మీసాల విలనా ఆంటీ?" అంది హంసిని.

"వాడే."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఇంకెవరు? లహరి వాళ్ళ తాతయ్యే."

ఎనిమిది జతల కళ్ళు ఆరాధనగా మావయ్యగారి మీద వాలాయి. ఆయన పరిస్థితి అర్థం చేసుకోండి. తెల్లవారుజామునే లేచి, రేవులో వేలం పాడి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పులస! దాన్ని పట్టుకుని వాలుగ అంటున్నారు! కోహినూరు తెచ్చినవాణ్ణి గులకరాయి బాగుందని మెచ్చుకున్నట్టు.

"వాలుగా? ఏమ్మా పద్మా, ఇది అచ్చంగా..."

బల్ల మీద చేతికి ఏదందిందో చూసుకోకుండా తీసి ఆయన నోట్లో పెట్టేశాను. కేకు ముక్క. కొవ్వొత్తితో సహా.

ఆయన కొవ్వొత్తి తీసి పక్కన పెట్టారు. మనవరాలి మొహం చూశారు. నలభై ఏళ్ళు గోదావరిని ఆపిన మనిషి, గొంతులోకొచ్చిన మాటని ఆపుకోవడం నా కళ్ళతో చూశాను. "అవునమ్మా," అన్నారు కేకు మింగి, ఓడిపోయిన గొంతుతో. "మీసం పట్టుకుని లాగాను."

పిల్లలు ఈలలు వేశారు. విస్తళ్ళు పడ్డాయి. విలన్ మీద పగ ఎంతుందో ఆ దాక అడుగు చూస్తే తెలిసింది. హంసిని మూడుసార్లు వడ్డించుకుని, "విలన్ బాగున్నాడు ఆంటీ," అంది. మావయ్యగారూ నేనూ తలెత్తకుండా, ముళ్ళు ఏరుకుంటూ, వాలుగ చాలా బాగుందంటూ పులస తిన్నాం. ఆయన కంట్లో నీటిచుక్క తిరిగింది. కారం వల్ల అన్నారు.

పిల్లలందరూ వెళ్ళిపోయాక లహరి నా పక్కన చేరింది. మ్యాట్నీ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"నాన్నా, వంగు." వంగాను. చెవిలో చెప్పింది. అసలు సిసలైన గుసగుస, నాకే అరకొరగా వినిపించింది. "వాలుగకి ఇన్ని ముళ్ళుంటాయా?"

నా గుండె జారి గోదాట్లో పడింది. "మరి... తెలిసి కూడా..."

"మొదటి ముద్దకే తెలిసింది. చెబితే వాళ్ళందరూ ఏడుస్తారు కదా. ఊరుకున్నా. బుడుంగు వేరు, పులస వేరు నాన్నా. సినిమాలో ఉన్నంతసేపూ బుడుంగు. దాకలోకి వచ్చాక పులస. నువ్వు హాల్లోనే దాకలో వేసేశావు."

ఎనిమిదేళ్ళ పిల్ల! నలభై ఆరేళ్ళలో నా నోటికి రాని విద్య అది, ఊరుకోవడం. ఈ దేశ భవిష్యత్తు మీద నాకు ఆ సాయంత్రమే నమ్మకం కుదిరింది. పెన్సిళ్ళు కూడా దక్కాయి. విలన్‌ని తినిపించినందుకు హంసిని సగం డబ్బా మాఫీ చేసింది.

కాబట్టి, గోదారమ్మ సాక్షిగా, దాక సాక్షిగా, మావయ్యగారు మింగిన కేకు సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. బొమ్మల సినిమాని నిజం ప్రాణులతో మళ్ళీ తీస్తే, కడుపునిండా తిన్నాకే వెళ్తాను. తెర మీద ఏ జీవి కనబడినా దాని బరువు, జాతి, వండే పద్ధతి గురించి పెదవి విప్పను.

ఈ ఒట్టుకి మొన్ననే పరీక్ష వచ్చింది. పిల్లలు మెచ్చిన ఇంకో కార్టూన్‌ని నిజం వాటితో తీశారట. ఈసారి హీరో కోడిపుంజు. పోస్టర్ చూసి మావయ్యగారు అప్పుడే ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, ఆ పుంజు డేగంటారా, కాకంటారా?" అని పందెం కోళ్ళ జాతుల్లో అదేదో తేల్చమన్నారు.

ఎదురుగా పదకొండేళ్ళ లహరి చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. నేను ఒట్టు గుర్తు తెచ్చుకున్నాను. పెదాలు బిగించాను. ఒక్క మాట మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాను.

అది నెమలి పుంజే అనుకోండి. కానీ నేనేమీ అనలేదు.