మా మరిది కవిత్వం, నా గొంతు

మా మరిది పోయాడు. పోయిన సోమవారం పొద్దున, ఉప్పల్ దవాఖానాలో, మేమంతా చాయ్ తాగడానికి కిందికి దిగినప్పుడు. అతని కవిత్వం విన్నవాళ్లకు ఈ సంగతి ఇప్పటికే తెలిసి ఉంటుంది. విననివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. నేను రచయిత్రిని కాను. బోడుప్పల్‌లో ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. అతనికి వదినను.

డిగ్రీ చదవడానికి అతను నాచారంలోని మా అద్దె ఇంటికి వచ్చేనాటికి నాకు కొత్తగా పెళ్లయింది. మా ఆయన మందుల కంపెనీలో మాత్రలు కొట్టే మిషన్ దగ్గర పనిచేస్తారు. చదువయ్యాక తమ్ముణ్ణి కూడా అక్కడే పెట్టించాలని చూశారు. అతను వినలేదు. ఉప్పల్‌లో ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైనర్‌గా చేరాడు. పగలంతా పుట్టినరోజు శుభాకాంక్షలు, ప్లాట్ల అమ్మకాలు. ఇంటికొచ్చాక తన పని.

ఆ పనిని ఏమని పిలవాలో మాకు తెలిసేది కాదు. కవితలు రాసేవాడు. షాపులో మిగిలిన ఫ్లెక్సీ ముక్కల్ని మనుషుల్లా కత్తిరించి, మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, వెనక బల్బు పెట్టి నీడలు ఆడించేవాడు. డప్పు కొట్టేవాడు. ఫోన్‌లో చప్పుళ్లు పట్టుకొచ్చేవాడు. షట్టర్ ఎత్తే చప్పుడు, కండక్టర్ బస్సు మీద చరిచే చప్పుడు, మా ఇంటి కుక్కర్ కూత. కవిత చదువుతుంటే మధ్యమధ్యలో అవన్నీ వచ్చేవి.

మొదటిసారి చూసి మా ఆయన, "గిది కవిత్వమా, బొమ్మలాటనా? ఏదన్న ఒక్కటి పట్టుకోరాదురా," అన్నారు.

"అమ్మ నాటేస్తుంటె పాట, అడుగు, చెయ్యి మూడు కలిసే నడుస్తయి గదనే అన్నా. ఇది పాటనా, పనా అని ఆమెను ఎవలన్న అడిగిన్రా?" అన్నాడు మా మరిది.

మర్నాడు మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ దుప్పటి కట్టుకోవడానికి రెండు వెదురు కర్రలు తెచ్చి మేడ మీద పెట్టారు.

ఈ కవితలు నీకు ఎక్కడ దొరుకుతాయని ఒకసారి అడిగాను. "దొరకవు వదినా, ఎదురొస్తయి. మనం జర మెల్లగ నడవాలె," అన్నాడు. నిజంగానే మెల్లగా నడిచేవాడు. అతన్ని కూరగాయలకు పంపితే పొయ్యి మీద ఎసరు మరిగి ఇంకిపోయేది. అరటిపండ్లమ్మే ఆవిడ అరుపులో ఏ మాటను సాగదీస్తుందో నిలబడి వినేవాడట. ఆ సాగదీత నెల తిరక్కుండా ఏదో కవితలో వినిపించేది.

రెండేళ్ల కింద గొంతు బొంగురుపోయింది. ఎక్కువ చదివి అలా అయిందనుకున్నాం. మిరియాల పాలు తాగించాను. తగ్గలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, స్వరపేటికలో కేన్సర్ ఉందని, దాన్ని తీసేయక తప్పదని, ఇక ఇదివరకటిలా మాట్లాడలేడని చెప్పారు. మా ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. మా మరిది, "చేతులకేం గాదు గద సార్?" అని అడిగాడు.

ఆపరేషన్‌కు ముందు అతని దోస్తులు వచ్చి, కవితలన్నీ అతని గొంతుతో రికార్డు చేద్దామన్నారు. ఒక పూట చేశారు. తర్వాత అతనే వద్దన్నాడు. "ఉన్న గొంతు మాట్లాడుకోనికి ఉంచుర్రి," అని, ఊళ్లో ఉన్న మా అత్తమ్మకు ఫోన్ చేశాడు. బర్రె ఈనిందా, జున్ను ఎవరెవరికి పంచిపెట్టావు, మోకాలి నొప్పి ఎట్లుంది... ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఫోన్ వేడెక్కేదాకా మాట్లాడుకున్నారు.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు అతను ఏ పనీ ముట్టలేదు. డప్పు మంచం కిందే ఉండిపోయింది. ఒక ఆదివారం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, ఫోన్‌లో ఒక కవిత తెరిచి నా ముందు పెట్టాడు. చదవమని సైగ చేశాడు. చదివాను. అతను నెత్తి కొట్టుకుని, ఫోన్ తీసుకుని టైప్ చేశాడు: "ఎక్కం చదువుతున్నవా వదినా?"

నవ్వాను. చాలా రోజులకు మా ఇంట్లో వచ్చిన నవ్వు అది. అప్పటినుంచి రోజూ బడి నుంచి వచ్చాక నాకు పాఠం. స్టీలు పళ్లెం బోర్లించి వేళ్లతో దరువు వేసేవాడు. మాట ఎక్కడ ఆగాలో ఆ దరువు చెప్పేది. నేను తొందరపడితే చెయ్యెత్తి ఆపేవాడు. సరిగ్గా చదివితే పళ్లెం మీద ఒక చిక్కుడుకాయ పెట్టేవాడు.

ఉప్పల్‌లో ఒక చిన్న హాల్లో, అతని దోస్తులు పెట్టిన సభలో మొదటిసారి మైకు ముందు నిలబడ్డాను. తెర వెనక అతను, డప్పు, నీడలు. ముందర నేను. మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. చదవాల్సిన కవిత ఇదీ:

*మా అమ్మ ఎనకకు నడుసుకుంట నాటేసేది,*
*ఆమె ముంగట పచ్చగయ్యేది.*
*మా అన్న మిషన్ కాడ నిలవడ్డ జాగల నిలవడుతడు,*
*లోకం జరం దిగుతది.*

ఆఖరి పాదం దగ్గరికి వచ్చేసరికి "లోకం" అన్న మాట నా జ్ఞాపకంలోంచి జారిపోయింది. ఎంత వెతికినా రాలేదు. వెనక డప్పు ఆగలేదు. నెమ్మదించింది, అంతే. నా కోసం ఎదురుచూస్తూ అదే దరువు మళ్లీ వేసింది. నాకు తోచింది అనేశాను: "ఎవలిదో జరం దిగుతది."

దిగి వచ్చి, చెడగొట్టానని చెప్పబోయాను. అతను అప్పటికే టైప్ చేసి పెట్టుకున్నాడు. "లోకం అంటె ఎవ్వలు కనబడరు వదినా. ఎవలిదో అంటె ఒక మనిషి పండుకున్నట్టు కనబడుతున్నడు. ఇగ గదే ఉంచుదాం."

బయటికి వచ్చాక మా ఆయన బండి స్టార్ట్ చేయకుండా నిలబడ్డారు. "నేను నిలవడి చేసే పని గూడ రాస్తరా?" అని అడిగారు. నన్ను కాదు, తమ్ముణ్ణి. తమ్ముడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత చాలాచోట్ల చదివాం. చర్లపల్లి, బోడుప్పల్, కాలేజీలు, ఒక పెళ్లి కూడా. ఈ ఎండాకాలం జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇక చేసేదేమీ లేదన్నారు. అత్తమ్మ ఊరి నుంచి వచ్చి అతని మంచం పక్కనే ఉండిపోయింది. "ఏం గావాలె కొడుకా?" అని అడుగుతూనే ఉండేది. అతను ఆమె చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకునేవాడు.

దవాఖానాకు తీసుకెళ్లే ముందు రోజు సాయంత్రం, గాలి కోసం బాల్కనీలో కుర్చీ వేశాం. కింద షిఫ్టు వదిలిన వేళ. రోడ్డు నిండా బండ్లు, హారన్లు. అతను ఉన్నట్టుండి నా చెయ్యి తట్టి వేలు చూపించాడు. ఒక ఆవిడ బండి మీద వెనక కూర్చుని, కొత్త సీలింగ్ ఫ్యానును పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని పోతోంది. ఎదురుగాలికి దాని రెక్కలు వాటంతటవే మెల్లగా తిరుగుతున్నాయి. అతను చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత నేను చూశానో లేదో అని నా వైపు తిరిగాడు. చూశానన్నట్టు తలూపాను. బండి మూల తిరిగేదాకా, కరెంటు లేకుండానే తిరుగుతున్న ఆ ఫ్యానును ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.