ఎడమచేతి అతుకు

మా ఇంట్లో అందరూ కొట్టువాళ్లే. సరుకు చవగ్గా దొరికిన చోటు ఎవరికీ చెప్పకపోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు.

నా పాత పడవలో తెరచాప కొయ్యను నిలబెట్టే మోకు తెగిపోతే, నరసాపురం పాత సామాన్ల కొట్లో గంటసేపు బేరమాడి వాడేసిన కొబ్బరిపీచు మోకు కొన్నాను. తిరుగు బస్సులో పక్క సీటాయన నా ఒళ్లోని మోకు చుట్టను తడుముతూ, రెండు ముక్కలు కలిపి అల్లిన ఒక అతుకు దగ్గర ఆగిపోయారు.

"ఎక్కడ కొన్నారండీ?"

"మండపేటలోనండి," అన్నాను అలవాటుగా.

"రైసుమిల్లుల ఊళ్లో పడవ మోకా!" అని నవ్వబోయి ఆగారు. "ఈ అతుకు మా తమ్ముడు వేసిందండి. ఎడమచేతి వాటం, పేటలు తిరగేసి అల్లుతాడు. సముద్రంలోకెళ్లి పన్నెండేళ్లయింది, రాలేదు. పీచు చూడండి, నిన్న అల్లినట్టుంది."

నిజమే. మోకంతా నల్లగా ఉంటే అతుకొక్కటే లేత పసుపుగా ఉంది. నా అబద్ధం దిద్దుకోవడానికి మాటలు వెతుక్కునేలోగా రావులపాలెంలో ఆయన దిగి, కదులుతున్న మండపేట బస్సెక్కేశారు.

మర్నాడు నరసాపురం వెళ్లి, ఆ మోకు ఎక్కడిదని కొట్టాయన్ని అడిగాను.

"మండపేట నుంచి వచ్చిందండి," అన్నాడు కన్నార్పకుండా. ఆయనా మావంటివాడే, నమ్మడమెలా?

మోకు కట్టి మూడు వర్షాకాలాలు గడిచాయి. అతుకు ఇంకా నల్లబడలేదు.