స్విచ్చు దగ్గర సలోమత్

సలోమత్ తన జీవితంలో ఒక్క చెక్కముక్కయినా మిషను మీద తిప్పి తరిమెన పట్టలేదు. అయినా చుస్త్ ఊళ్ళో వాళ్ళ ఇంటి కొట్టంలో తయారైన ఊయలలన్నీ ఆమె చేతి మీదుగానే బయటికి వెళ్ళాయి. ఎందుకంటే తరిమెన పట్టే లేతు మిషను స్విచ్చు ఆమె దగ్గర ఉండేది.

మిషను కొట్టంలో ఉంది. స్విచ్చు మాత్రం గోడకు ఇవతల, వరండాలో, ఆమె టోపీలు కుట్టుకునే పరుపు పక్కన, కిటికీ కింద ఉంది. కొత్తగా చూసినవాళ్ళు కరెంటు మనిషి తాగి వచ్చి బిగించాడనుకునేవారు. పాపం అతను నిక్షేపంగానే ఉన్నాడు. ఇలా పెడితే మీ ఆయన పని మొదలెట్టే ప్రతిసారీ మిమ్మల్ని పిలవాల్సి వస్తుంది కదమ్మా అని నచ్చజెప్పబోయాడు కూడా. పిలవాలనే పెట్టించుకుంటున్నానని ఆమె అతనికి ఇంకో కప్పు టీ పోసింది.

దీని వెనక ఒక జత గ్లౌజులున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఒక చలికాలం, కొట్టంలో నీళ్ళ బిందె కూడా గడ్డకట్టిన రోజుల్లో, భర్త చేతులు చూసి జాలిపడి సలోమత్ ఉన్ని గ్లౌజులు అల్లి ఇచ్చింది. కొత్త పెళ్ళాం అల్లింది గదా అని, పనిమంతుడని ఊరంతా ఉస్తా అని పిలిచే హోషిమ్ వాటిని తీయకుండానే మిషను ముందు నిలబడ్డాడు. తిరుగుతున్న ఊయల కోడుకు ఒక్క పోగు చిక్కింది. మిషను ఆ పోగును పట్టుకుని గ్లౌజంతా లాక్కుంది, గ్లౌజుతో పాటు చిటికెన వేలి కొసనూ తీసుకుంది. ఆ కొస ఏమైందని పిల్లలు అడిగితే ఊయలలో పాపకి చప్పరించడానికి ఇచ్చానని చెప్పేవాడు హోషిమ్. సలోమత్ మాత్రం ఆ సంగతి ఎన్నడూ నవ్వులాటగా తీసుకోలేదు. గాయం మానేలోపే స్విచ్చు గోడ దాటి ఇవతలికి వచ్చేసింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో రోజూ ఒక తతంగం. హోషిమ్ కిటికీ ముందు బడిపిల్లాడిలా నిలబడి రెండు చేతులూ చూపిస్తాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉండాలి. చొక్కా అంచు లోపలికి దోపి ఉండాలి. మెడలో ఏమీ వేలాడకూడదు. కళ్ళకు అద్దాలుండాలి. తర్వాత కర్రను చేత్తోనే ఒక చుట్టు తిప్పి చూపించాలి, ఉలి ఆన్చే కడ్డీకి ఎక్కడా తగలడం లేదని. అన్నీ అయ్యాక ఆమె సూది తలగడకు గుచ్చి, మెల్లగా తలూపి, నొక్కుతుంది. ఉప్పుకాగితం పట్టే వేళ మళ్ళీ ఆపి, ఆ కడ్డీ తీసి పక్కన పెట్టేదాకా నొక్కదు. కడ్డీకీ కర్రకీ మధ్య వేలు ఇరుక్కుంటే ఏమవుతుందో ఒకసారి హోషిమే మాటవరసకి చెప్పాడు. ఎందుకు చెప్పానా అని తర్వాత చాలాకాలం అనుకున్నాడు.

వీధిలో వేళాకోళం తక్కువేమీ కాలేదు. ఎదురింటి ఊయలల ఉస్తా తోజీ, హోషిమ్‌ని కరెంటు నడపదని, పెళ్ళాం నడుపుతుందని టీ కొట్లో నలుగురి ముందూ అన్నాడు. మిమ్మల్నీ పెళ్ళాలే నడుపుతున్నారు, కాకపోతే కరెంటు ఖర్చు లేకుండా అని హోషిమ్ జవాబిచ్చాడు. పైకి అలా అన్నా, వీధి తలుపు తెరిచి ఉన్నప్పుడు మాత్రం చేతులు చూపించడం కాస్త తొందరగా కానిచ్చేసేవాడు.

ఇలా జరిగిపోతుండగా వాళ్ళ కూతురు మవ్జుదాకి నమంగాన్‌లో కొడుకు పుట్టాడు. తొలి మనవడు. ఊయల అమ్మమ్మగారింటి నుంచే వెళ్ళాలి. హోషిమ్ ఊళ్ళో సగంమందికి ఊయలలు చేసిన మనిషి. తన మనవడి ఊయల మాత్రం ఆయనకి ఎంతకీ నచ్చలేదు. చేసిన కోడునే మళ్ళీ చేశాడు. రేపు ఊయల వేడుక అనగా, పట్టుకుని ఎత్తడానికి పైన అడ్డంగా ఉండే మల్బరీ కర్ర బీటలు వారింది. కొత్త కర్ర తెచ్చి మిషనుకెక్కించి, సలోమత్‌ని పిలవబోతున్నాడు. అప్పుడు వీధిలో కారు హారను మోగింది.

వచ్చినవాడు వియ్యంకుడు కోబిల్, వెంట ముగ్గురు స్నేహితులు. అందులో ఒకాయన అందరికీ తాతలాంటి మూసా బువా, ఎనభై దాటిన మనిషి. తన వియ్యంకుడు కొట్లో కొన్న ఊయల పంపడు, స్వయంగా చేస్తాడని కోబిల్ తమ ఊరి టీ కొట్లో గొప్పలు చెప్పుకున్నాడట. వీళ్ళు నమ్మలేదట. నమ్మించడానికి కారెక్కించుకుని తెచ్చేశాడు.

కోబిల్ మంచివాడు. నవ్వితే పక్క గదిలో గిన్నెలు మోగేవి. అలిగినా అంతే నిండుగా అలిగేవాడు. పెద్దకోడలి పుట్టింటివాళ్ళు, ఆయన మర్యాదకి తొడిగిన చపాన్‌ని, ఆ పొడవాటి పై అంగీని, ఆయన ఎదుటే విప్పి మేకుకు తగిలించారని ఏడాదిపాటు వాళ్ళ గడప తొక్కలేదు. ఆ ఏడాదంతా ఆ పిల్ల అత్తవారింట్లో చల్లారిన టీ తాగింది. ఈ సంగతి సలోమత్‌కి కూతురే చెప్పింది, గొంతు తగ్గించి.

కోబిల్ గుమ్మం దాటుతూనే సంచి విప్పాడు. ముదురాకుపచ్చ మఖ్మల్ చపాన్, అంచుల్లో జరీ, చేతులు వేళ్ళు దాటి జానెడు వేలాడేవి. హోషిమ్‌కి తొడిగి, నడుముకు గుడ్డ కట్టి, భుజాలు తట్టి, ఇది మీ ఒంటిమీద ఉన్నంతసేపే నా గౌరవం నిలబడినట్టు బావగారూ అన్నాడు. హోషిమ్ మొహం చూడాలి. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదనిపించింది సలోమత్‌కి. కాస్త ఈర్ష్య కూడా పడింది.

టీ అయింది, రొట్టె విరిచారు, ఎండుద్రాక్ష అయిపోయింది. కోబిల్ లేచి, ఇంక ఆ కర్ర ఎలా నునుపు తేలుతుందో మావాళ్ళకి చూపించండి బావగారూ అన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన ఫోను తీసి పట్టుకున్నాడు. హోషిమ్ చపాన్ ఊపుకుంటూ కొట్టంలోకి నడిచాడు. వాళ్ళంతా తమ తమ చపాన్లలో వెనకే నడిచారు. ఆనందంలో హోషిమ్‌కి ఒళ్ళు తెలియలేదు. కిటికీ ముందు నిలబడలేదు, చేతులు చూపించలేదు. ఉలి తీసుకుని లోపలినుంచి కేకేశాడు.

"మవ్జుదా వాళ్ళమ్మా, వెయ్యి."

సలోమత్ కిటికీలోంచి చూసింది. మఖ్మల్ చేతుల్లో ఆయన తొమ్మిదిన్నర వేళ్ళూ మునిగిపోయి ఉన్నాయి. ఉలి ఒక చేతిగుడ్డలోంచి పొడుచుకొచ్చినట్టుంది. జరీ అంచు కర్రకు బెత్తెడు దూరంలో ఊగుతోంది. ఉన్ని పోగుకే వేలు పోయింది. ఇప్పుడున్నది గజాలకొద్దీ మఖ్మల్. ఇంత గుడ్డ చిక్కితే మోచెయ్యీ భుజమూ దాకా పోతుంది.

చపాన్ విప్పమంటే కూతురికి చల్లటి టీ. విప్పమనకపోతే భర్తకి చెయ్యి పోతుంది. ఆమె నొక్కలేదు.

"కరెంటు పోయింది" అంది.

సరిగ్గా అప్పుడే ఆమె మోకాలి పక్కన కరెంటు కెటిల్ గుడగుడమని మరగడం మొదలుపెట్టింది. అందరూ కెటిల్ వైపు చూశారు. అది పొద్దుటి వేడి అంది సలోమత్. అన్నాక తనకే నవ్వొచ్చి, దాన్ని మింగడానికి దగ్గింది.

కోబిల్ ఊరుకునే రకం కాదు. విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరైనవాడు. మీరు కూచోండి చెల్లెమ్మా, ఇది నా చేతిలో పని అంటూ తీగ వెంబడి వెతుక్కుంటూ బయల్దేరాడు. గోడమీద తీగ ఎటు పోతే అటు తలతిప్పుతూ, మేక వాసన పట్టినట్టు పట్టి, గుమ్మం దాటి, వరండాలోకి వచ్చి, పరుపు చుట్టూ తిరిగి, స్విచ్చు ముందు ఆగాడు. ఇదిగో ఇక్కడ దాక్కుంది దొంగ అని వేలు చాపాడు. లోపల హోషిమ్ ఉలి కడ్డీ మీద ఆనించి సిద్ధంగా ఉన్నాడు.

సలోమత్ అరచెయ్యి స్విచ్చు మీద పడింది. వియ్యంకుడి వేలు ఆమె చెయ్యిమీద పడబోయి గాలిలో ఆగింది. కెటిల్ కూడా ఆగింది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట" అంది. ఆ ఒక్క మాట ఏమిటో ఆమెకు ఇంకా తెలియదు. కళ్ళు వరండా మూలనున్న ఊయల మీద పడ్డాయి. ఖాళీగా, ఒట్టిగా, ఏ కప్పూ లేకుండా ఉంది. అప్పుడు నోరే ముందు కదిలింది.

"ఊయల మీద ఏడు గుడ్డలు కప్పుతాం కదా."

"కప్పుతాం" అన్నాడు కోబిల్ అయోమయంగా.

"ఏడింట్లో ఒకటి చపాన్ కదా. మా చుస్త్‌లో ఆ చపాన్ తండ్రివైపు తాతగారు తొడిగిన చపానే అయ్యుండాలి. పైకర్ర తరిమెన పట్టకముందే, తొడిగిన చేతులతోనే తీసి ఊయలమీద కప్పాలి. అప్పుడే ఆ గౌరవం మనవడికి చెందుతుంది. కర్ర అయిపోయాక కప్పితే ఉస్తాకే ఉండిపోతుందట."

అలాంటి ఆచారం చుస్త్‌లోనే కాదు, లోకంలో ఎక్కడా లేదు. లోపల ఉలి కడ్డీమీద టకామని తగిలింది. జీవితమంతా ఊయలలు చేసిన హోషిమ్ నోరు తెరుచుకుని కిటికీలోంచి భార్యను చూస్తున్నాడు. సలోమత్ ఆయన కళ్ళలోకి చూసి, తర్వాత ఆయన చేతులవైపు చూసింది. ఆయనా తన చేతులు చూసుకున్నాడు. అవి కనబడలేదు. మనిషి మొహం ఒక్కసారి పాలిపోయింది.

"అయ్యో, మర్చేపోయాను" అన్నాడు మెల్లగా. దేన్ని మర్చిపోయాడో ఇద్దరికే తెలుసు.

కోబిల్ ఇంకా ఆలోచిస్తున్నాడు. అలగాలా, కరగాలా అన్నది ఆయన కనుబొమల మధ్య ఊగుతోంది. అప్పుడు ఆదుకున్నవాడు మూసా బువా. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఔనౌను, చుస్త్‌వాళ్ళ పద్ధతే అది, మా మేనత్తగారింట్లో కళ్ళారా చూశానన్నాడు. పైగా, చపాన్ లోపలి అస్తరు పైకి వచ్చేలా కప్పాలి సుమా అని సలోమత్‌కే జాగ్రత్త చెప్పాడు. ఔను బువా, అది చెప్పడం మర్చిపోయానంది సలోమత్.

కోబిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హోషిమ్ భుజాల మీదినుంచి చపాన్‌ని తన చేతులతోనే తీశాడు, పసివాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి ఊయల మీద అస్తరు పైకి వచ్చేలా కప్పాడు. నా మనవడికి మొదటి కప్పు నాదే అని ఫోను పట్టుకున్నాయనకి రెండుసార్లు చెప్పాడు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కాని సలోమత్‌కి ఆ క్షణంలో ఏదో తలకెక్కింది. కిటికీలోంచి చూస్తే వచ్చినవాళ్ళు మళ్ళీ మిషను చుట్టూ చేరుతున్నారు, ఒక్కొక్కరి చపాన్ చేతులూ కిందికి వేలాడుతూ. ఆగండి, పైకర్ర పుట్టడం చూసేవాళ్ళ చపాన్లు కూడా కప్పాలని చెప్పింది. చెప్పిందే తడవు చపాన్లు విప్పేశారు. మూసా బువా తన చపాన్‌తో పాటు మెడగుడ్డా ఇచ్చాడు, మా మేనత్త ఇంట్లో అదీ అడిగారంటూ. ఇంక సలోమత్‌కి పట్టపగ్గాలు లేవు. చొక్కా చేతులు మోచేతులపైకి మడవాలంది, మడిచారు. చేతిగడియారాలు తీయాలంది, తీశారు. తిరిగే కర్రకి తిన్నగా ఎదురుగా కాక పక్కగా నిలబడాలి, అది పసివాడికి దారి ఇచ్చినట్టంది, జరిగి నిలబడ్డారు. రెండు చేతులూ ఎత్తి చూపించమంటే వియ్యంకుడూ, స్నేహితులూ, ఎనభై దాటిన బువా, అందరూ ఎత్తారు. చివర్లో హోషిమ్ కూడా అద్దాలు పెట్టుకుని, కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి చూపించి, తొమ్మిదిన్నర వేళ్ళూ ఎత్తాడు. చేతులెత్తిన పెద్దమనుషుల వరసని చూస్తే ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని స్విచ్చు నొక్కింది.

మిషను మూలిగి పాటందుకుంది. పచ్చి మల్బరీ వాసన వరండా దాకా వచ్చింది. చెక్క పీలికలు పసుపు రిబ్బన్లలా లేచి కోబిల్ బట్టతల మీద పడుతుంటే ఆయన దులుపుకోలేదు. మిషను ఆగాక, నేనొక్క గీత గీస్తానని బతిమాలాడు. చేతులు ఇంకోసారి చూపించి, అద్దాలు పెట్టుకున్నాక సలోమత్ ఒప్పుకుంది. ముందు కడ్డీ మీద, తర్వాతే కర్ర మీద అంటూ హోషిమ్ పక్కన నిలబడి ఉలి పిడి పట్టించాడు. గీత కాస్త వంకరగా వచ్చింది. హోషిమ్ దాన్ని సరిచేయలేదు.

వెళ్ళేటప్పుడు కోబిల్, చపాన్లు రేపటిదాకా ఊయల మీదే ఉండాలి గదా అని అడిగాడు. ఉండాలంది సలోమత్, వేరే గతిలేక. సాయంత్రపు గాలిలో నలుగురూ చొక్కాలతో కారెక్కి, అద్దాలు దించి, చేతులూపుతూ వెళ్ళిపోయారు. వీధి గుమ్మంలో నిలబడ్డ తోజీ ఉస్తా వాళ్ళు చపాన్లు పందెంలో ఓడిపోయి వెళ్తున్నారేమో అనుకున్నాడు.

మర్నాడు నమంగాన్‌లో ఊయలని చపాన్ల గుట్ట కింద వెతుక్కోవలసి వచ్చింది. వాకిట్లో వందమంది ముందు కోబిల్ నిలబడి చుస్త్ ఆచారం మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. చేతులు మడవడం, గడియారాలు తీయడం, దారి ఇవ్వడం, ఏదీ వదలలేదు. వంకర గీతను వేలుపెట్టి చూపించాడు. ఇంత గౌరవం తెలిసిన ఇంటి పిల్ల మా కోడలని మవ్జుదా తలమీద చెయ్యి వేశాడు.

ఆడవాళ్ళ గదిలో, బిడ్డని ఊయలలో కట్టి పడుకోబెడుతూ, మవ్జుదా తల్లి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, ఇన్నేళ్ళూ ఆ కొట్టంలోనే పెరిగాను. ఈ ఆచారం నాకెప్పుడూ చెప్పలేదేం?"

సలోమత్ మనవడి గుప్పిట విప్పి చూసి, మళ్ళీ మూసింది.

"ఎలా చెప్తానే. అది వయసులో నీ కొడుకు కంటే చిన్నది" అంది.