మా వదిన పొదిగించిన గుడ్లు

మా వదిన పోయిందని శుక్రవారం కదిరికి కబురు వచ్చింది. తనకల్లులో బస్సు దిగి మా పల్లె చేరేసరికి అందరూ మట్టి చేసి తిరిగి వస్తున్నారు. ఎండలకు శవాన్ని ఉంచలేకపోయామని అన్న అన్నాడు. ఆమె ముఖం చూసే అర్హత నాకు లేదని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

ఆరేళ్ల కిందట మా పల్లెలో ఒక కోళ్ల కేంద్రం ఉండేది. కిరసనాయిలు దీపంతో వేడి చేసే పొదుగుడు పెట్టె, అందులో విదేశీ జాతి కోడిగుడ్లు. నేను అక్కడ గుమాస్తాను. పెట్టె చూసుకునేది వదిన. ఆమెకు చదువు రాదు. కానీ గుడ్డును వెలుతురుకు అడ్డం పట్టి, లోపలి గాలి గది ఎంత పెరిగిందో చూసి, పెట్టెలో తేమ చాలుతోందో లేదో చెప్పేది. మా సీమ గాలి మీకు తెలిసిందే, తడి చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. అందుకని కిటికీలకు తడి గోనెలు కట్టేది. పెట్టెలో నీళ్ల పళ్లెం ఎన్నడూ ఎండనిచ్చేది కాదు. బావి అడుగంటిన ఏడాది, మనుషులకే నీళ్లు లేకపోతే గుడ్లకు పోస్తావా అని ఊరు ఊరంతా తిట్టింది. ఇంటికని తెచ్చుకున్న కడవలోంచే పోసింది.

కొత్తలో ఒకసారి, తేమ పోతుందని పెట్టె పైనున్న గాలి రంధ్రాలు మూసేశాను. ఆమె వచ్చి బిరడాలు పీకేసింది. "నీళ్లు తక్కువైతే పెంకు లోపలి పొర బిగుస్తాది, గాలి తక్కువైతే ఊపిరి బిగుస్తాది. రెండూ చూసుకోవల్ల అబ్బీ" అన్నది. నాకు తెలిసిన కోళ్ల పనంతా ఆమె నేర్పిందే. ఇవాళ నేను తినే అన్నం ఆ పనిదే.

ఆ వైశాఖంలో పై అధికారులు చూడడానికి వచ్చారు. గుడ్లు పెట్టెలో పెట్టి ఇరవయ్యో రోజు. పిల్లలు ముక్కులతో పెంకులకు చిల్లులు పెట్టాయి. అప్పుడు మూత తీయకూడదు. మా ఆఫీసరు తీశాడు. ఒకరి తర్వాత ఒకరికి చూపించాడు, ఫోటో తీయించాడు. బయట వడగాలి.

"మూత ఏయండి సారూ, పొర ఎండిపోతాది" అని వదిన రెండుసార్లు చెప్పింది. ఆయన వినలేదు.

మర్నాడు పొద్దున చూస్తే పొరలు కాగితంలా ఎండి పిల్లల రెక్కలకు అతుక్కుపోయి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, ఒక్కొక్కదాన్నీ విడిపించడానికి వదిన మధ్యాహ్నం దాకా కూర్చుంది. నాలుగు బతికాయి.

ఆఫీసరు నా చేత ఒక కాగితం రాయించాడు. పళ్లెంలో నీళ్లు పోయలేదని వదిన ఒప్పుకున్నట్టు. వేలిముద్ర కోసం ముందు పెడితే, "ఏం రాసినావబ్బీ?" అని అడిగింది. పిల్లలు చచ్చిపోయాయని రాశానన్నాను. నిజమే గదా అని ముద్ర వేసింది.

వారంలో ఆమె పని పోయింది. నన్ను కదిరికి పెద్ద గుమాస్తాగా పంపారు. ఆమె పరాయి చేలల్లో కూలికి పోయింది. గుడ్లకు నీళ్లు పోయని మనిషి అని ఊళ్లో చెప్పుకున్నారు, పోస్తోందని తిట్టిన వాళ్లే.

పోయిన కార్తీకంలో వెళ్లినప్పుడు వదిన వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆ కాగితంలో ఏముందో చెప్పేశాను. తెలుసునన్నది. పని పోయిన రోజే ఎవరో చెప్పారట. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ, తెలిసే నాకు అన్నం పెట్టింది.

"నిజం చెప్పింటే కూడా ముద్ర ఏస్తాంటి. నీ ఉజ్జోగం పోగొడతానా? నాకు చెప్పకపోతివే, అదబ్బీ" అన్నది.

చేటలోంచి గుప్పెడు పప్పు తీసి నా చేతిలో పోసింది. తినలేకపోయాను, పారేయలేకపోయాను. కదిరి దాకా ఆ పప్పు నా గుప్పిట్లోనే ఉంది. దిగి చెయ్యి తెరిస్తే, చెమటకు పొట్టు ఊడి అరచేయంతా ఎర్రగా అంటుకుని ఉంది.