ఆపరేషన్ నాడు పెరుగు చక్కెర

భార్యకు కాన్పు ఆపరేషన్ జరుగుతుంటే గదిలో నిలబడి కళ్లారా చూసిన మొగుడు పల్నాడు మొత్తానికి నేనొక్కణ్ణే. డాక్టరమ్మ చేయి చాపితే కత్తెర అందించింది కూడా నేనే. ఈ మాట నలభై ఏళ్లుగా పెళ్లిపందిళ్లలో, బస్సుల్లో చెబుతున్నాను. విన్నవాళ్లు కాస్త జరిగి నాకు సీటు కూడా ఇచ్చారు.

కత్తెర సంగతి తీసేయండి. మిగతాది చెబుతాను.

ఎనభైల్లో మాట. మాది నకరికల్లు, ఆసుపత్రి నరసరావుపేటలో. మా పెద్దమ్మాయి కూడా ఆపరేషన్‌తోనే పుట్టింది. అప్పుడు నొప్పులు ముదిరి, బిడ్డ అడ్డం తిరిగి, సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. భయపడే తీరిక దొరకలేదు. రెండోసారి అట్లా కాదు. నెల ముందే డాక్టరమ్మ చీటీ మీద తారీఖు వేసింది. నొప్పులు మొదలు కాకముందే ఆపరేషన్ చేయాలంది. మొదలైతే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది, అప్పుడు తల్లికీ బిడ్డకీ భరోసా ఇవ్వలేనంది. ఫలానా రోజున నీ భార్య పొట్ట కోస్తారని తెలిసి నెల్లాళ్లు బతకడం ఎట్లా ఉంటుందో, మిరప చేలో నీళ్లు కడుతూ ఒకే మడి దగ్గర గంటసేపు నిలబడిపోయినవాడికి తెలుస్తుంది.

మా అత్తగారికి ఆ దిగులు లేదు. పంచాంగం చూపించి, ఆ తారీఖు గురువారం, పొద్దున ఎనిమిదింటికి నక్షత్రం బాగుందని డాక్టరమ్మ చేత సరే అనిపించింది.

ముందురోజు సాయంత్రం చేరాం. డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"పొద్దున్నే ఎనిమా ఇస్తారు. మూత్రానికి గొట్టం పెడతారు. నువ్వు ముందుకు వంగి కూర్చుంటే వెన్నులో సూది వేస్తాం, నడుం కింద మొద్దుబారుతుంది. మెలకువగానే ఉంటావు. కదిలించినట్టు, గుంజినట్టు తెలుస్తుంది, నొప్పి తెలీదు. బిడ్డ తొందరగానే బయటికొస్తుంది, కుట్లకే ఆలస్యం. తర్వాత దిండు లేకుండా వెల్లకిలా పడుకోవాలి. కిందనుంచి గాలి పోయేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వం."

మా ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది. "గాలి పోయిందని ఎవరికి చెప్పాలమ్మా?"

"సిస్టర్‌కి."

"అయితే ఈయన లేనప్పుడు చెప్తా."

డాక్టరమ్మ నవ్వి, నా వైపు తిరిగి నవ్వు ఆపేసింది. "రాత్రి భోంచేశాక ఇంకేం పెట్టొద్దు. కడుపులో ఏదన్నా ఉండి వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణానికే ముప్పు. అర్థమైందా?"

అర్థమైందన్నాను.

పెద్దదాన్ని చూసి రావడానికి ఇంటికి వెళ్లి, పొద్దున మొదటి బస్సుకే వచ్చేశాను. చేతిలో చిన్న స్టీలు డబ్బా. అందులో పెరుగు, చక్కెర. మా ఇంట్లో కోర్టు వాయిదాకి పోయినా, పరీక్షకి పోయినా, గుంటూరుకి మిరపకాయలు తోలినా నోట్లో పెరుగు చక్కెర పడాల్సిందే. అట్లాంటిది కత్తి కిందికి పోయే మనిషిని ఉత్తినోటితో ఎట్లా పంపేది? మా అత్తగారు కుళాయి దగ్గరికి వెళ్లడం చూసి మూత తీశాను.

"డాక్టరమ్మ వద్దందిగా," అంది మా ఆవిడ.

"తిండి వద్దంది. ఇది తిండేందే? శకునం!"

ఆవిడ నా మొహం చూసింది, నోటి ముందు పెట్టిన చెంచా చూసింది, నోరు తెరిచింది. ఒకటి ఒంటిగా ఉందని రెండోది పెట్టాను. నోరు ఇంకా తెరిచే ఉందని మూడోది. మూడు మంచిది కాదని నాలుగోది.

కాసేపటికి స్ట్రెచర్ వచ్చింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర సిస్టర్, "ఏమన్నా తిన్నదా?" అని అడిగింది.

"పచ్చి మంచినీళ్లు ముట్టలా," అంది మా అత్తగారు. ఆవిడకు తెలిసింది అంతే.

తలుపు మూసుకుంది. అప్పుడు నాకు ఊపిరితిత్తుల మాట గుర్తొచ్చింది. ఇక ఆగలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "అమ్మా, పెరుగు తిన్నది, పెట్టింది నేనే" అని చెప్పేశాను.

స్ట్రెచర్ వెనక్కి వచ్చింది. వెంటే డాక్టరమ్మ, చేతి తొడుగులు లాగేస్తూ.

"ఆరుగంటలు ఆగాలి. ఈలోగా నొప్పులొస్తే? కడుపు నిండా పెరుగుతో కోయమంటావా, కుట్టు చిరిగేదాకా చూడమంటావా? నువ్వే చెప్పవయ్యా!"

మా అత్తగారు వేళ్లు మడిచి చూసి గొల్లుమంది. "గురువారం రెండింటికి రాహుకాలం గదా తల్లీ!"

"రాహువు నీ పక్కనే నిలబడ్డాడమ్మా," అని డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆరుగంటలూ నేను చూసింది పొట్ట ఒక్కటే. ఆవిడ పక్కకి ఒత్తిగిలితే సిస్టర్ కోసం పరిగెత్తాను, దగ్గితే పరిగెత్తాను. సిస్టర్ చెక్క గొట్టం పొట్టకి ఆనించి, దానికి చెవి పెట్టి బిడ్డ గుండె వినేది. ఆమె విన్నంతసేపు నా గుండె ఆగేది. పదకొండు దాటాక పొట్ట రాయిలా బిగిసింది. సిస్టర్ అరచేయి వేసి గడియారం చూస్తూ నిలబడింది. కొంతసేపటికి బిగువు సడలింది.

"నొప్పులొస్తన్నయ్యా ఏందే?"

"నువ్వు ఇట్టా అడుగుతుంటే రాక ఏం చేస్తయి? పొయ్యి ఆడ కూర్చో!"

రాహుకాలంలోనే తీసుకెళ్లారు. మా అత్తగారు కళ్లు మూసుకుంది. ఇక గదిలో నిలబడ్డాననే సంగతి. నేను నిలబడింది వరండాలో. తలుపు అద్దానికి తెల్లరంగు పూశారు, ఒక మూల గోరంత ఊడింది. అందులోంచి ఒక ఆకుపచ్చ గుడ్డ, గోడ మీద బల్లి కనిపించాయి. నేను చూసిన ఆపరేషన్ అంతే. తర్వాత పిల్లి అరిచినట్టు సన్నగా ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. ఆ ఏడుపు విన్నాక కూడా, "ఆమె బాగుంది" అని సిస్టర్ వచ్చి చెప్పేదాకా నేను అద్దం దగ్గర్నుంచి కదల్లేదు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ విన్నది. బల్లి దగ్గర నవ్వింది కూడా.

"అంతా బానే ఉందిగానీ, తలుపు తోసుకుని పొయ్యి చెప్పాననేది ఏందయ్యా? నువ్వు యాడ చెప్పావు? గోడకి అతుక్కుపొయ్యి ఉంటివి. వెన్నులో సూది వేయబోతంటే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని నేను చెప్పా. నువ్వొచ్చి చెప్తావేమోనని ఆ తలుపు వంకే చూసి చూసి, ఇంక రావులే అని నేనే చెప్పా."