గడపలు లేని ఊరు

మొన్న ఏలూరులో మేనల్లుడు కొనబోయే ఫ్లాటు చూడటానికి వెళ్తే, అక్కడి ఇంజనీరమ్మాయి ఇంకా పునాదైనా పడని ఇంటిని కంప్యూటర్లో తిప్పి చూపించింది. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి బాల్కనీలోకి ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయాం. "గదులకి గడపలు లేవేంటమ్మా?" అన్నాను. "ఇప్పుడెవరూ పెట్టించుకోవట్లేదండీ" అంది. మంచి మాటే. నాకు మాత్రం మా అక్క గుర్తొచ్చింది.

అక్కకి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. బేరింగు చక్రాలు బిగించిన పీట మీద కూర్చుని, చేతులతో నేలని తోసుకుంటూ తిరిగేది. గడప వచ్చిందంటే ఎవరో ఒకరు ఎత్తాలి. తాడేపల్లిగూడెంలో మా అద్దింటి ముందుగదిలో కూర్చుని నాన్నగారు జనానికి ఇంటి ప్లానులు గీసేవారు. పాడైన కాగితాల వెనక అక్క ఊళ్లు గీసేది. నాన్నగారి స్కేలుతోనే, ఆయనలాగే గోడకి రెండు గీతలు, తలుపు తెరుచుకునే చోట వంపు గీత. ఊరి నడుమ కొల్లేరు. దాన్ని తను ఎన్నడూ చూడలేదు, అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే కనక విని గీసింది. పడవ వచ్చి నేరుగా అరుగుకి ఆనుకుంటుంది, అరుగు మీంచి వీధిలోకి ఏటవాలు దారి. గురకపెట్టే పెదనాన్నగారికి ఊరి చివర, కొంగల మధ్య ఇల్లిచ్చింది. ఆ కొంగలేం పాపం చేశాయో! "ఒరే తమ్ముడూ, ఈ సందులోంచి వెళ్తే చేపల బజారు. ఈ ఇంట్లో అత్తయ్యగారు మనల్ని కాఫీకి పిలిచారు, వెళ్దామా?" అంటూ వేలితో దారి చూపించేది. ఆ వేలి వెంట నేను ఊరంతా తిరిగాను. అక్క తిరిగిన ఊరూ అదొక్కటే.

ఓసారి నాన్నగారు ఆ కాగితం చూసి, "ఏమ్మా, గడపలు మర్చిపోయావే?" అన్నారు.

"మర్చిపోలేదు నాన్నగారూ. మా ఊళ్లో ఉండవు."

"మరి మీది ఎన్ని గడపల ఊరని ఎవరైనా అడిగితే?"

"ఒక్కటీ లేదని చెప్పండి. అందరిళ్లకీ నేనే వస్తూపోతూ ఉంటానని చెప్పండి."

నాన్నగారు నవ్వబోయి ఆగిపోయారు. సొంతిల్లు కట్టేటప్పుడు గడపలు లేకుండానే ప్లాను గీశారు. ఇక మీ ఇళ్లకి నేనే వస్తానని అక్క వీధిలో అందరికీ చెప్పుకుంది. నాయనమ్మ మాత్రం "గడప లేని కొంపలోకి లక్ష్మి ఎలా వస్తుందిరా?" అని అన్నం మానేసి కూర్చుంది. నాన్నగారు లొంగిపోయారు. వీధి గుమ్మానికి బెత్తెడెత్తు టేకు గడప వచ్చి కూర్చుంది. గృహప్రవేశం నాడు అందరం కుడికాలు పెట్టి దాటాం, అక్కని ఎత్తుకుని దాటించారు. ఆ తరవాత ఆమె మళ్లీ ఊరు గీయలేదు. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టే పని ఆమెకే అప్పగించారు, ఎలాగూ కిందే కూర్చుంటుంది కదా అని. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నేళ్లకి జ్వరం వచ్చి అక్క పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు నాన్నగారు వడ్రంగిని కూడా పిలవకుండా, తనే రంపం పట్టుకుని గడపని కోసేశారు. నాయనమ్మ కిక్కురుమనలేదు. గుమ్మం నేలతో సమానమైంది గానీ మా కాళ్లకి ఆ సంగతి తెలియలేదు. అక్కడికి వచ్చేసరికి నాన్నగారి కాలూ, నాయనమ్మ కాలూ, నా కాలూ వాటంతటవే లేచేవి. వాళ్లిద్దరూ పోయి కూడా చాలా కాలమైంది. అక్క తనంతట తాను ఒక్కసారీ దాటలేకపోయిన ఆ గడపని, అది లేకపోయినా, నేనింకా దాటుతూనే ఉన్నాను.